అపశ్రుతికీ ఒక స్వర్ణయుగం

మనవాళ్లకు గతం అనగానే మొదట నెయ్యి గుర్తుకొస్తుంది. తాతలు తాగిన నేతి వాసనను తమ మూతుల దగ్గర చూపించడం తరతరాల ఆచారం కనుక, వెనకటి రోజులంటే పాడి, పంట, రూపాయికి వీశెడు వంకాయలు అని మనం ఎప్పుడో స్థిరపరచుకున్నాం. అందువల్ల న్యూయార్క్ రాక్ సంగీతకారుడు తన యవ్వనాన్ని తలచుకుని కళ్లు ఒత్తుకునే పద్ధతి మనకు ఒక పట్టాన కొరుకుడు పడదు. ఆయన నేతి మాట ఎత్తడు. హీటరు పనిచేయని గదిని, గోడల్లో తిరిగిన ఎలుకలను, మెట్ల మీద మత్తులో పడి ఉన్న మనుషులను, రోజుకొక్క పూట దొరికిన రొట్టెను తలచుకుంటాడు. తలచుకుని, "అవీ రోజులంటే!" అంటాడు. లోకమంతా కరవును మరచిపోవడానికి నానా తంటాలు పడుతుండగా, కరవును కౌగిలించుకుని ఏడ్చే ఈ మనిషిని చూసి కొందరు నవ్వుతున్నారు. ఆయన పక్షాన నిలబడి, ఆయన మాటలను అక్షరాలా నమ్మి, వాటి నుంచి తేలే కర్తవ్యాలను ప్రభుత్వాల దృష్టికి తీసుకుపోవడమే ఈ వ్యాసం ఉద్దేశం.

"ఆయన" అంటే ఫలానా మనిషి కాదని ముందే మనవి చేసుకుంటున్నాను. అది ఒక వర్గం. అరవై దాటినా నల్ల చొక్కా విడవకుండా, ఒకప్పుడు ఏదో ఒక బృందంలో రెండు శీతాకాలాల పాటు గిటారు పట్టి, ఆ రెండు శీతాకాలాల గురించి గడచిన నలభై ఏళ్లుగా మాట్లాడుతున్న పెద్దమనుషులందరికీ ఉమ్మడిగా నేను పెట్టుకున్న సర్వనామం అది.

ఆయన తలచుకునే కాలం స్థూలంగా 1976 నుంచి 1981 వరకు. స్థలం మాన్‌హాటన్ దీవి దక్షిణ భాగం. ఆ సంగీతం పేరు నో వేవ్. అంతకు కొంచెం ముందు పంక్ అనే మొరటు రాక్ సంగీతం వచ్చింది. ఆ పంక్‌కు తల దువ్వి, పౌడరు రాసి, రికార్డు కంపెనీలు దానిని న్యూ వేవ్ అనే పేరుతో అమ్మకానికి పెట్టాయి. కొత్త అల అన్న మాట వినగానే ఒళ్లు మండినవారు అలే లేదు పొమ్మన్నారు. మూడు కార్డ్‌లు, అంటే కలిపి మీటే మూడు స్వరగుచ్ఛాలు, నేర్చుకుంటే చాలు, ఎవరైనా బృందం పెట్టుకోవచ్చునన్నది పంక్ వారి సిద్ధాంతం. ఆ మూడు మాత్రం దేనికి అన్నది వీరి సిద్ధాంతం.

శ్రుతి తల్లి, లయ తండ్రి అని మన సంగీతంలో చెబుతారు. ఆ లెక్కన నో వేవ్ వారు కోరి అనాథలైనవారు. డీఎన్‌ఏ అనే బృందంలో ఆర్టో లిండ్సే పన్నెండు తంత్రుల గిటారును శ్రుతి చేయకుండానే వాయించేవాడు. ఒక తంత్రి శ్రుతి తప్పితేనే కచేరీ ఆపి, బిరడ తిప్పి, ప్రేక్షకులకు క్షమాపణ చెప్పుకునే సంప్రదాయంలో పెరిగిన మనం, పన్నెండు తంత్రులనూ సమాన గౌరవంతో గాలికి వదిలేసిన ఆ సమభావాన్ని గుర్తించవలసి ఉంది. అదే బృందంలో డ్రమ్ములు వాయించిన ఇకూయె మోరి 1977లో టోక్యో నుంచి న్యూయార్క్ వచ్చిన యువతి. డ్రమ్ముల ముందు కూర్చోవడం ఆమెకు అక్కడే మొదలు. లిడియా లంచ్ పదహారేళ్ల వయసులో రోచెస్టర్ నుంచి నగరానికి వచ్చి పెట్టిన టీనేజ్ జీసస్ అండ్ ద జర్క్స్ బృందానికి వాద్య సామగ్రిలో ఒకే ఒక్క డ్రమ్ము, పగిలిన తాళం ఒకటి ఉండేవి. కచేరీ పది నిమిషాల్లో ముగిసేది. మన సభల్లో పది నిమిషాలకు జ్యోతి ప్రజ్వలన కూడా పూర్తి కాదన్న సంగతిని దృష్టిలో పెట్టుకుంటే, ఈ ఒక్క విషయంలోనైనా వారిని మనం ఆదర్శంగా తీసుకోవడం మంచిది.

కంటార్షన్స్ బృందనాయకుడు జేమ్స్ ఛాన్స్ శాక్సఫోన్ వాయించేవాడు. శ్రోతలు తగినంత శ్రద్ధగా వినడం లేదనిపిస్తే వేదిక దిగి వచ్చి వారి మీద చెయ్యి చేసుకునేవాడు. ఒక సందర్భంలో రాబర్ట్ క్రిస్ట్‌గావ్ అనే పేరున్న విమర్శకుడితోనే కలియబడ్డాడు. కళాకారుడికీ విమర్శకుడికీ మధ్య సంవాదం ఇంత సూటిగా, ఇంత తక్కువ పారిభాషిక పదాలతో సాగిన సందర్భాలు సాహిత్య చరిత్రలో సైతం అరుదు.

ఇక రీస్ చాథమ్ ఉదంతం నన్ను నిజంగా కదిలించింది. ఆయన వృత్తి పియానోలను శ్రుతి చేయడం. హిందుస్తానీ గాయకుడు పండిట్ ప్రాణ్‌నాథ్ దగ్గర శిష్యరికం చేసిన స్వరకర్త లా మాంటి యంగ్ పియానోను శ్రుతి చేసినవాడు ఈయనే. అంటే అమ్మవారి ఆభరణాలు భద్రపరిచే అర్చకుడి వంటివాడన్నమాట. ఆ మనిషి 1976లో సీబీజీబీ అనే బారుకు వెళ్లి రమోన్స్ అనే పంక్ బృందం కచేరీ విని, ఎలక్ట్రిక్ గిటారు పట్టి, మరుసటి ఏడు 'గిటార్ ట్రయో' తయారు చేశాడు. అందులో ఉన్నది ప్రధానంగా ఒక్క కార్డ్. దానినే మీటుతూ పోతుంటే అసలు స్వరం పైన సన్నగా మోగే అనుస్వరాలు తేనెటీగల్లా లేస్తాయి. నా మట్టుకు నాకు అది తంబూరాకు ఆంప్లిఫయరు తగిలించినట్లే వినిపిస్తుంది. తంబూరా మీటడం మొదలుపెట్టి, గాయకుడు రాకముందే మంగళం పాడేసి, జనాన్ని ఇళ్లకు పంపించేసినట్లన్నమాట. ఎంత పారిపోయినా తల్లి కొంగు వదలలేదు పాపం.

ఈ వ్యాసం రాసే అర్హత కోసం నేను ఆ కాలపు ప్రామాణిక గ్రంథం వంటిదీ, 1978లో వచ్చినదీ అయిన 'నో న్యూయార్క్' రికార్డు పాత ప్రతిని ఒకదానిని సంపాదించి, ఒక ఆదివారం మధ్యాహ్నం తలుపులు వేసుకుని విన్నాను. రెండో పాట సగంలో పక్కింటి పెద్దాయన తలుపు తట్టి, "మీ బోరు నీళ్లు లేక గాలి కొడుతున్నట్టుంది, మోటారు కాలిపోకముందే కట్టేయండి బాబూ" అని ఎంతో ఆపేక్షగా చెప్పారు. ఆయనకు న్యూయార్క్ తెలియదు, 1978 తెలియదు. అయినా ఆ సంగీతానికి నేను చదివిన విమర్శలన్నిటిలోకీ ఆయన ఇచ్చిందే దగ్గరగా ఉంది. ఏదో ఒకటి అడుగంటిపోయిన చోట ఇంకా తిరుగుతున్న యంత్రం చప్పుడే అది.

ఆ అడుగంటినది ఏమిటో తరువాత చెబుతాను. ముందు హాజరు పట్టీ సంగతి తేల్చాలి. 1978 మే నెలలో ఆర్టిస్ట్స్ స్పేస్ అనే గ్యాలరీలో ఐదు రాత్రులు ఈ బృందాలు వాయించాయి. టాకింగ్ హెడ్స్ అనే రాక్ బృందం రికార్డు పని మీద న్యూయార్క్‌లో ఉన్న ఇంగ్లండ్ నిర్మాత బ్రయాన్ ఈనో అక్కడికి వెళ్లి విని, వారిలోంచి నాలుగు బృందాలను ఏరి, ఒక్కొక్కరి చేత నాలుగేసి పాటలు చేయించి ఆ రికార్డు తెచ్చాడు. పంక్తిలో వడ్డన సరిగ్గా తమ విస్తరి దగ్గర ఆగిపోయిన బంధువుల్లాగా, గ్లెన్ బ్రాంకా ఉన్న థియరెటికల్ గర్ల్స్ వంటి మిగిలిన బృందాలు బయట ఉండిపోయాయి. చరిత్రలో చోటు దక్కని ఆ బాధ ఎవరికైనా అర్థమవుతుంది. అర్థం కానిది మరొకటి ఉంది. గ్యాలరీ అంటే బొమ్మలు తగిలించే హాలు, మైదానం కాదు. ఆ హాలులో ఆ రాత్రుల్లో "నేను కూడా ఉన్నాను" అని ఇప్పుడు చెప్పేవారందరినీ లోపలికి పంపిస్తే గోడలు నిలబడే అవకాశం లేదు. మన దేశంలో స్వాతంత్ర్య సమరయోధుల పింఛను ప్రకటించాక జైలుకు వెళ్లిన జ్ఞాపకాలు పల్లెపల్లెనా చిగురించినట్లే, నో వేవ్‌కు మ్యూజియం గౌరవం దక్కాక ప్రత్యక్షసాక్షుల సంఖ్య ఏటికేడు పెరుగుతోంది. మిగతా ఏ తరంలోనైనా కాలం గడిచేకొద్దీ సాక్షులు తగ్గుతారు. కనుక తామ్రపత్రాల పంపిణీ తప్పదు. దరఖాస్తుతో పాటు అప్పటి చెవిపోటుకు వైద్యుడిచ్చిన చీటీ జతచేయాలనే నిబంధన ఒక్కటి పెడితే సరిపోతుందని నా సూచన.

ఇప్పుడు అడుగంటిన దాని సంగతి. అది డబ్బు. 1975లో న్యూయార్క్ నగరం అప్పులు తీర్చలేక దివాలా అంచుకు చేరింది. అధ్యక్షుడు ఫోర్డ్ కేంద్రం ఆదుకోదని ప్రసంగించగా, డైలీ న్యూస్ పత్రిక మర్నాడు ఆ ప్రసంగ సారాంశాన్ని, నగరమా, నీ చావు నువ్వు చావు అని అర్థం వచ్చేలా పతాకశీర్షికకెక్కించింది. ఆయన ఆ మాటలు అనలేదు. పత్రికలవారు తాత్పర్యం చెప్పారు. అంతకు కొద్ది రోజుల ముందే బడిపంతుళ్ల పింఛను నిధి సొమ్ముతో నగరం ఒక గండం గట్టెక్కింది. వేలమంది పోలీసులను ఇళ్లకు పంపారు. చెత్త ఎత్తేవారు సమ్మె చేశారు. తరతరాలుగా ఉచితంగా చదువు చెప్పిన నగర విశ్వవిద్యాలయం 1976లో ఫీజులు మొదలుపెట్టింది. 1977 జూలై 13 రాత్రి కరెంటు పోతే మళ్లీ వచ్చేలోగా 1,600కు పైగా దుకాణాలు లూటీకి గురయ్యాయి, 3,700 మందికి పైగా అరెస్టయ్యారు. 1970 జనాభా లెక్కల్లో దాదాపు 79 లక్షల మంది ఉన్న నగరంలో 1980 నాటికి దాదాపు 71 లక్షల మంది మిగిలారు. వెళ్లగలిగినవారు వెళ్లిపోయారు, అద్దెలు పడిపోయాయి, ఖాళీ అయిన కర్మాగారాల్లోకి, పాడుబడిన ఇళ్లలోకి చిత్రకారులు, శిల్పులు, ఏ పనీ రాని యువకులు చేరారు. నెలకు నాలుగు రోజులు పనిచేస్తే అద్దె గడిచిపోయే చోట మిగతా ఇరవై ఆరు రోజులు గిటారును శ్రుతి చేయకుండా గడపడం సాధ్యమే.

ఇంత నిర్మాణాత్మకమైన సాంస్కృతిక విధానాన్ని ఆనాటి పాలకులు తమకు తెలియకుండానే అమలు చేశారన్నది చరిత్రలోని విషాదం. దానిని తెలిసి అమలు చేయవచ్చు కదా! అకాడమీలు, అవార్డులు, శాలువాలు అంటూ ప్రభుత్వాలు వృథా ఖర్చు చేస్తున్నాయి. ఒక్క నగరాన్ని ఎంచుకుని, దాని ఖజానాను శాస్త్రీయంగా ఖాళీ చేసి, అగ్నిమాపక కేంద్రాలు మూసి, ఎనిమిది లక్షల మందిని మర్యాదగా సాగనంపితే, నాలుగైదేళ్లలో నాలుగు మంచి బృందాలు తయారవుతాయని మన సంగీతకారుడి అనుభవం చెబుతోంది. రెండు లక్షల మందికి ఒక బృందం చొప్పున పడుతుంది. కళకు వెల కట్టకూడదని ఆయనే అంటాడు కనుక ఈ లెక్క మీద ఆయనకు అభ్యంతరం ఉండదు. ఆ సాగనంపినవారిలో బ్రాంక్స్ పేటలో ఇల్లు కాలిపోయిన కుటుంబాలు కూడా ఉన్నాయనీ, వారు ఆ రోజులను బంగారు రోజులుగా తలచుకున్న దాఖలా కనిపించదనీ ఎవరైనా అడ్డుతగలవచ్చు. వారికి గిటారు వాయించడం రాదు. అది నో వేవ్‌కు అడ్డంకి కాదు కానీ, ఇంటర్వ్యూలు ఇవ్వడం కూడా రాదు. అదీ అసలు లోపం.

మరి కరెంటు కోతలు, పేరుకున్న చెత్త, వేళకు రాని జీతాలు మన ఊళ్లలో ఏ ప్రయోగమూ అవసరం లేకుండానే దొరుకుతున్నాయి కదా, ఒక్క నో వేవ్ బృందమైనా పుట్టలేదేమని నేను చాలాకాలం ఆలోచించాను. సమాధానం ఒక టులెట్ బోర్డు మీద దొరికింది. "బ్యాచిలర్లకు ఇవ్వబడదు" అని దాని మీద రాసి ఉంది. రాత్రి పదింటికి గేటుకు తాళం వేసే ఓనరుగారు ఉన్నంతకాలం ఏ దేశంలోనూ అవాంగార్డ్ అనే ప్రయోగ కళ బతికి బట్టకట్టదు.

ఇక పుణ్యక్షేత్రాల విషయానికి వద్దాం. సీబీజీబీని హిల్లీ క్రిస్టల్ 1973 చివర బౌరీ వీధిలో తెరిచాడు. ఆ అక్షరాలకు అర్థం కంట్రీ, బ్లూగ్రాస్, బ్లూస్. అంటే పల్లెపాటల కోసం తెరిచిన కొట్టులో పంక్ పుట్టింది. తన బోర్డు మీద ఉన్న సరుకు తప్ప మిగతావన్నీ అమ్మడం వల్లనే అది ప్రసిద్ధికెక్కింది. 2006 అక్టోబరులో గాయని పాటీ స్మిత్ అక్కడ చేసిన చివరి కచేరీతో అది మూతపడింది. కారణం అద్దె తగాదా. ఇల్లు లేనివారికి ఆశ్రయం కల్పించే సంస్థ ఆ భవనం యజమాని స్థానంలో ఉండి ఆ బారును ఖాళీ చేయించింది. వ్యంగ్య రచయితల పొట్ట కొట్టడానికి వాస్తవం ఇలా అప్పుడప్పుడు స్వయంగా పూనుకుంటుంది. 2008లో అదే చోట జాన్ వర్వాటోస్ అనే ఖరీదైన బట్టల కొట్టు వెలిసింది. పాత గోడల మీది అంటింపు కాగితాలను కొంతమేర అలాగే ఉంచి, వాటి పక్కనే కోట్లు తగిలించారు.

చచ్చినవాడి కళ్లు చేరడేసి అన్నారు. సీబీజీబీ విషయంలో కళ్ల దాకా కూడా పోనక్కరలేదు. అక్కడికి వెళ్లినవారెవరూ వర్ణించకుండా ఉండలేనంతటి దుర్గంధానికి దాని మరుగుదొడ్డి పేరు పొందింది. 2013లో మెట్రోపాలిటన్ మ్యూజియం పంక్ దుస్తుల ప్రదర్శన పెట్టినప్పుడు, గోడల మీది రాతలతో సహా ఆ మరుగుదొడ్డిని మళ్లీ కట్టి చూపించింది. ఈజిప్టు ఆలయాన్ని రాయి రాయి చొప్పున తెచ్చి నిలబెట్టుకున్న మ్యూజియం అది. దేవతల తరువాత ఆ గౌరవం ఆ మరుగుదొడ్డికే దక్కింది. వాసన ఒక్కటే తీసుకురాలేకపోయారు. మన సంగీతకారుడు నిట్టూర్చేది దాని గురించే అయితే ఆయనతో నేను ఏకీభవిస్తాను. చరిత్రకారులు కాగితాలు భద్రపరచగలరు, వాసన భద్రపరచలేరు. ఆపైన 2015లో న్యూయార్క్ పక్కనున్న న్యూవార్క్ విమానాశ్రయంలో సీబీజీబీ పేరుతో ఒక రెస్టారెంటు తెరిచారు. సూటుకేసు పక్కన పెట్టుకుని, బోర్డింగు పిలుపు వినబడేలోగా తిరుగుబాటును ఆస్వాదించే సౌకర్యం కలిగింది.

పేర్లు చెడినవారు కొందరు, పేర్లు పెరిగినవారు కొందరు. ఆ రోజుల్లో గ్రే అనే ధ్వని బృందంలో వాయించిన బాస్కియా అనే కుర్రవాడు తరువాత చిత్రకారుడిగా స్థిరపడి, ఇరవై ఏడేళ్లకే చనిపోయాడు. 2017లో ఆయన బొమ్మ ఒకటి వేలంలో 11 కోట్ల డాలర్లు దాటింది. ఆ సొమ్ములో నలిగిన నోటు ఒక్కటి 1979లో చేతికి అంది ఉంటే ఆ రోజుకు భోజనం గడిచేది. 1981 జూన్‌లో వైట్ కాలమ్స్ గ్యాలరీలో తొమ్మిది రాత్రులు నాయిస్ ఫెస్ట్ జరిగింది. పేరులోనే రొద అని ఒప్పుకున్న ఉత్సవం అది. దానిని నిర్వహించిన థర్‌స్టన్ మూర్ బృందమే సోనిక్ యూత్. మంచి గిటార్లు కొనే స్తోమత లేక, చవకరకం గిటార్ల తంత్రుల కింద స్క్రూడ్రైవర్లు దూర్చి కొత్త నాదాలు పుట్టించారు. లేమి లోంచి అంత అందమైన ఇంజనీరింగు పుట్టడం నేను మరెక్కడా వినలేదు. వ్యంగ్యం ఒక నిమిషం పక్కన పెట్టి చెబుతున్నాను, ఆ గిటార్లు ఈనాటికీ గుండెను పట్టి లాగుతాయి. 1990 నాటికి ఆ బృందం పెద్ద కంపెనీలో చేరింది. 2008లో వారి పాటల సంకలనం ఒకటి స్టార్‌బక్స్ కాఫీ కొట్లలో అమ్మకానికి వచ్చింది. ఇందులో తప్పేమీ లేదు. కాఫీ తాగేవారికి కూడా అపశ్రుతి మీద హక్కు ఉంది.

ఆ రొదను ఆ రోజుల్లోనే ఖండించిన పెద్దలు లేకపోలేదు. 1982లో చికాగోలో గ్లెన్ బ్రాంకా గిటార్ల మోత విన్న జాన్ కేజ్ దానిలో ఫాసిజం ఛాయలు కనిపించాయన్నాడు. నాలుగు నిమిషాల ముప్పై మూడు సెకన్ల నిశ్శబ్దాన్ని రచించి, ఏ చప్పుడైనా సంగీతమేనని లోకానికి నేర్పిన గురువుగారు ఆయన. ఏ చప్పుడైనా అంటే ఇది కాదని చివరికి ఆయన కూడా సవరించుకోవలసి వచ్చింది.

మన సంగీతకారుడు ఈ కథ చెప్పి, పెద్దవాళ్లకు ఎన్నడూ కొత్తది అర్థం కాదని నవ్వుతాడు. నవ్వు ఆపుకుని, ఈ తరం పిల్లల సంగీతం మీదికి వెళతాడు. వాళ్లు పడకగదిలో కంప్యూటరు ముందు కూర్చుని ఒంటరిగా చేసేది సంగీతమే కాదంటాడు. అది కేవలం చప్పుడు అంటాడు. వాళ్లకు వాద్యం పట్టుకోవడం రాదంటాడు. సాధన లేదంటాడు. సంప్రదాయం తెలియదంటాడు. సంప్రదాయం అంటే ఏమిటని అడిగితే, 1978 మే నెల అంటాడు. గతంతో తెగతెంపులు చేసుకున్న ఉద్యమానికి ధర్మకర్తగా ఆయన ఆ గతాన్ని ఎంత నిష్ఠగా కాపాడుతున్నాడంటే, త్యాగరాజ ఆరాధనలో పంచరత్నాల వరుస మార్చవచ్చునేమో కానీ, ఆ ఐదు రాత్రుల్లో ఏ బృందం ముందు వాయించిందనే వరుస మార్చడానికి ఆయన ఎదుట వీలులేదు.

నేను సంపాదించిన రికార్డు గురించి ఒక సంగతి చెప్పలేదు. ఆ పాటల సాహిత్యాన్ని బయట అట్ట మీద వేయలేదు, విడి కాగితం మీదా వేయలేదు. రికార్డును దాచే లోపలి కాగితపు సంచికి లోపలివైపున అచ్చువేశారు. చదవాలంటే సంచిని చింపాలి. వస్తువును భద్రంగా దాచుకునే బుద్ధిని కొన్న రోజే చంపేయడానికి చేసిన ఏర్పాటది. నలభై ఏళ్లకు పైగా ఎన్ని చేతులు మారి వచ్చిందో తెలియదు కానీ, నాకు అందిన ప్రతిలో ఆ సంచి ఎక్కడా నలగకుండా ఉంది. చింపకుండా ఉంటేనే దానికి ధర పలుకుతుందని అమ్మినతను చెప్పాడు. దానికి ప్లాస్టిక్ తొడుగు వేసి, బీరువాలో పైఅరలో, పట్టుపంచెల పక్కన పెట్టాను.